తలుపు మీది 30.06: అమెరికా తుపాకుల వాదనలో ఏ లెక్క దేనిది

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా మేనకోడలు ఉంటుంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం భోజనానికి బయటికి తీసుకెళ్ళింది. రెస్టారెంట్ అద్దం తలుపు మీద పెద్ద బోర్డు. అంగుళం ఎత్తు అక్షరాలు, ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి. మన కోర్టు నోటీసంత పొడుగు. అందులో 30.06 అనే అంకె ఒక్కటే నా కంట్లో పడింది. ఏంటమ్మా ఇది అంటే, "ఏం లేదు మామయ్యా, తుపాకీ దాచుకుని లోపలికి రాకూడదని" అంది. గుడి దగ్గర చెప్పులు ఇక్కడ విడవండి అని చెప్పినంత మామూలుగా చెప్పింది. రెండు షాపులవతల ఒక బారుంది. దాని తలుపు మీద ఎర్రటి అంకెల్లో 51% అని ఉంది. ఆదాయంలో సగానికి పైగా అక్కడ కూర్చుని తాగే మందు మీదే వస్తుంటే అలాంటి చోటికి తుపాకీ తేవడం నేరమట.

అప్పుడు నాకొచ్చిన అనుమానం చిన్నది. ఆ బోర్డు లేని తలుపుల సంగతేంటి? బోర్డు లేకపోతే తెచ్చుకోవచ్చు. టెక్సస్‌లో వద్దని చెప్పాల్సింది తలుపే.

అమెరికాలో ఎక్కడో కాల్పులు జరిగాయని టీవీలో స్క్రోలింగ్ రాగానే ఇక్కడ మా అక్కకి బీపీ పెరుగుతుంది. గంటలోపు వాట్సాప్‌లో వీడియోలు మొదలవుతాయి. ఒకాయన "ఏడాదికి 600 మాస్ షూటింగులు" అంటాడు. ఇంకొకాయన "అబద్ధం, 60 కూడా ఉండవు" అంటాడు. మూడో ఆయన "తుపాకీ ఉన్నవాళ్ళు ఏడాదికి 25 లక్షల సార్లు ప్రాణం కాపాడుకుంటున్నారు" అంటాడు. విచిత్రం ఏమిటంటే ఈ మూడు అంకెలూ గాల్లోంచి పుట్టినవి కావు. వేర్వేరు వాళ్ళు వేర్వేరు సంగతుల్ని లెక్కపెట్టగా వచ్చినవి. తికమకలో సగం అక్కడే ఉంది.

27 మాటల వాక్యం

ముందు చట్టం సంగతి. 1791లో అమెరికా రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ మొత్తం ఒకే వాక్యం. ఇంగ్లీషులో 27 మాటలు. స్వేచ్ఛగల రాజ్యం భద్రతకు క్రమశిక్షణ గల పౌరసైన్యం అవసరం గనుక, ఆయుధాలు కలిగి ఉండే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదు అని దాని తాత్పర్యం. మొదటి సగం పౌరసైన్యం గురించి మాట్లాడుతుంది, రెండో సగం ప్రజల హక్కు గురించి. ఏది ముఖ్యం అన్నదే రెండు వందల ఏళ్ళ పేచీ.

2008 దాకా సుప్రీంకోర్టు సూటిగా తేల్చలేదు. ఆ ఏడాది హెల్లర్ కేసు వచ్చింది. వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి హ్యాండ్‌గన్లు, అంటే చేత్తో పట్టుకుని పేల్చే పిస్టల్, రివాల్వర్ వంటివి, ఇంట్లో ఉంచుకోవడం నిషేధం. డిక్ హెల్లర్ సెక్యూరిటీ గార్డు. పగలు డ్యూటీలో ప్రభుత్వ భవనానికి తుపాకీతో కాపలా కాస్తాడు, రాత్రి తన ఇంటికి కాపలాకి మాత్రం ఉంచుకోకూడదు. కోర్టు 5-4 తేడాతో ఆయన వైపు మొగ్గింది. ఇది వ్యక్తిగత హక్కేనని, పౌరసైన్యంలో ఉండనక్కర్లేదని చెప్పింది. అయితే తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా ఇంకో మాట కూడా రాశారు. ఈ హక్కు హద్దుల్లేనిది కాదు. నేరస్తులకు, మానసిక స్థితి సరిగా లేనివారికి తుపాకులు వద్దనే చట్టాల మీద, బడుల్లో, ప్రభుత్వ భవనాల్లో నిషేధాల మీద ఈ తీర్పు అనుమానం కలిగించదు అన్నారు. తుపాకీ హక్కు వాళ్ళు ఈ తీర్పులో మొదటి సగాన్ని, నియంత్రణ కోరేవాళ్ళు రెండో సగాన్ని నేటికీ వల్లిస్తూ ఉంటారు.

2010లో షికాగో కేసుతో ఈ హక్కు రాష్ట్ర ప్రభుత్వాలకూ, నగరాలకూ వర్తిస్తుందని తేలింది. ఆ కేసు వేసిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ డెబ్బై దాటిన నల్లజాతి రిటైర్డ్ ఉద్యోగి. తన వీధిలో దొంగల భయం పడలేక కోర్టుకెక్కాడు. తుపాకీ హక్కంటే పల్లెల్లోని తెల్లవాళ్ళ గోల అనుకునేవాళ్ళకి ఆయన మంచి జవాబు.

మన కలెక్టరాఫీసు, న్యూయార్క్ పద్ధతి

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీ లైసెన్స్ కావాలంటే ప్రాణానికి ముప్పుందనో, పంట కాపాడుకోవాలనో చూపించాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి చేతిలో పని. ఇచ్చిన తర్వాత కూడా ఎన్నికలొస్తే తీసుకెళ్ళి స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. ఇక్కడ తుపాకీ ప్రభుత్వం ఇచ్చే అనుమతి, హక్కు కాదు.

న్యూయార్క్‌లో కూడా వందేళ్ళకు పైగా దాదాపు ఇదే పద్ధతి నడిచింది. తుపాకీ ఒంటి మీద పెట్టుకుని బయట తిరగాలంటే అందరికీ ఉన్న భయం చాలదు, నీకంటూ ప్రత్యేక కారణం చూపించాలి. బట్టల కింద కనపడకుండా తుపాకీ పెట్టుకుని తిరగడాన్ని అక్కడ కన్‌సీల్డ్ క్యారీ అంటారు. పైకి కనిపించేలా పెట్టుకుంటే ఓపెన్ క్యారీ. కన్‌సీల్డ్ క్యారీలో రాష్ట్రాలు మూడు రకాలుగా ఉండేవి. అధికారికి ఇష్టమైతే ఇచ్చేవి ఒక రకం. వయసు, నేరచరిత్ర లాంటి షరతులు సరిపోతే ఇచ్చి తీరాల్సినవి రెండో రకం. అసలు పర్మిటే అక్కర్లేనివి మూడో రకం.

2022 జూన్‌లో బ్రూవెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో మొదటి రకాన్ని కొట్టేసింది. మిగతా హక్కులు వాడుకోవడానికి ఎవరూ అధికారి దగ్గర ప్రత్యేక అవసరం నిరూపించుకోనక్కర్లేనప్పుడు దీనికెందుకు అన్నది తర్కం. దాంతోపాటు ఒక కొత్త కొలబద్ద పెట్టింది. నేటి తుపాకీ చట్టం నిలబడాలంటే అమెరికా చరిత్రలో దానికి పోలిక చూపించాలి. అప్పట్నుంచి కింది కోర్టుల్లో జడ్జీలు పద్దెనిమిదో శతాబ్దపు చట్టాలు తిరగేస్తున్నారు. ఈ కొలత మరీ బిగుసుకుపోతోందనిపించిందేమో, 2024లో రహీమీ కేసులో అదే కోర్టు 8-1తో కాస్త సడలించింది. గృహహింస కేసులో కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదనే చట్టం చెల్లుతుందని, అచ్చంగా అలాంటి పాత చట్టమే ఉండనక్కర్లేదని చెప్పింది.

ఇక మూడో రకం, పర్మిట్ లేని రాష్ట్రాలు. వెర్మాంట్‌లో మొదట్నుంచీ ఇంతే. 2003లో అలాస్కా, 2010లో అరిజోనా ఆ దారి పట్టాయి. 2024 నాటికి 29 రాష్ట్రాలయ్యాయి. యాభైలో సగానికి పైగా. టెక్సస్ 2021 సెప్టెంబర్‌లో చేరింది.

టెక్సస్ ఎప్పుడూ ఇలాగే ఉందా?

లేదు. సినిమాల్లో చూసిన టెక్సస్ వేరు. అక్కడ 1871 చట్టంతో మొదలై పిస్టల్ ఒంటి మీద పెట్టుకుని తిరగడం నూట ఇరవై ఏళ్ళకు పైగా నేరమే. అది మారడం వెనక ఒక మధ్యాహ్నం ఉంది.

1991 అక్టోబర్ 16, కిలీన్ అనే ఊరు. లూబీస్ అనే కఫెటేరియాలో జనం భోంచేస్తున్నారు. ఒకడు పికప్ ట్రక్కుతో అద్దాల గోడ పగలగొట్టుకుని లోపలికొచ్చి కాల్చడం మొదలుపెట్టాడు. 23 మంది చనిపోయారు. సుజానా హప్ అనే ఆమె అమ్మానాన్నలతో అక్కడే ఉంది. టేబుల్ పక్కకి తిప్పి దాని చాటున కూర్చుని, చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోనిచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. రివాల్వర్ కార్లో ఉంది. వెంట ఉంచుకుంటే చట్టం ఒప్పుకోదు, పట్టుబడితే కైరోప్రాక్టర్‌గా, అంటే వెన్నెముక సర్ది నొప్పులు తగ్గించే వృత్తిలో, తన లైసెన్స్ పోతుందని కార్లోనే వదిలేసి వచ్చేది. తండ్రి ఉత్త చేతుల్తో హంతకుడి మీదికి వెళ్ళి తూటా తగిలి పడిపోయాడు. ఆమె కిటికీలోంచి బయటపడింది. తల్లి వెంట వస్తోందనుకుంది. తల్లి భర్త దగ్గరే ఉండిపోయింది, అక్కడే చనిపోయింది.

ఆ తర్వాత సుజానా హప్ ఊరూరా తిరిగి చెప్పింది ఒకటే, నా చేతిలో తుపాకీ ఉండి ఉంటే అని. 1995లో టెక్సస్ కన్‌సీల్డ్ క్యారీ చట్టం చేసింది, అప్పటి గవర్నర్ జార్జ్ బుష్ సంతకం పెట్టారు. 1996లో ఆమె రాష్ట్ర శాసనసభకు ఎన్నికయింది.

దీనికి అవతలి వైపు నుంచి వచ్చే జవాబు కూడా బలమైనదే. పొగ, కేకలు, పరుగులు తీసే జనం మధ్య ఆ రివాల్వర్ తూటా ఎవరికి తగిలేదో ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్నకి నిజంగా జరిగిన సంఘటనలతో జవాబు వెతకొచ్చు. దానికి ముందు మాస్ షూటింగ్ లెక్క చూడాలి.

ఒలేతా కాల్పులు ఏ లెక్కలో ఉన్నాయి?

2021 తీసుకుందాం. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ ఆ ఏడాది దాదాపు 690 మాస్ షూటింగులు నమోదు చేసింది. ఎఫ్‌బీఐ నివేదికలో 61 ఉన్నాయి. మదర్ జోన్స్ పత్రిక నడిపే జాబితాలో పది కూడా లేవు. దేశం ఒకటే, ఏడాది ఒకటే.

ఆర్కైవ్ లెక్కలో కాల్చినవాడు కాక నలుగురికి తూటా తగిలితే చాలు, ఎవరూ చనిపోకపోయినా సరే, గ్యాంగుల గొడవైనా, ఇంట్లో గొడవైనా సరే. ఎఫ్‌బీఐ లెక్కపెట్టేది యాక్టివ్ షూటర్ సంఘటనల్ని. అంటే జనం ఉన్న చోట కనబడ్డవాళ్ళని చంపడానికి ఒకడు దిగడం. అందులో చనిపోయినవాళ్ళ సంఖ్యతో పని లేదు, గ్యాంగు తగాదాలు రావు. మదర్ జోన్స్ జాబితాకి బహిరంగ స్థలంలో కనీసం ముగ్గురు చనిపోవాలి, దోపిడీలు, గ్యాంగులు మినహాయింపు. అంటే వీధి పార్టీలో రెండు గుంపులు కాల్చుకుని ఐదుగురు గాయపడి అందరూ బతికితే మొదటి లెక్కలో ఉంటుంది, మిగతా రెండింట్లో ఉండదు.

ఇప్పుడు మన సంగతి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజినీర్‌ని ఒక బార్‌లో కాల్చి చంపారు. అతని తెలుగు స్నేహితుడు, అడ్డుపడబోయిన అమెరికన్ యువకుడు గాయపడ్డారు. తెలుగువాళ్ళకి అమెరికా తుపాకీ అనగానే మొదట గుర్తొచ్చేది ఇదే. తూటాలు తగిలింది ముగ్గురికి, ప్రాణం పోయింది ఒకరికి. నాలుగు అనే గీటు దాటలేదు కాబట్టి ఆర్కైవ్ లెక్కలో అది మాస్ షూటింగ్ కాదు. మదర్ జోన్స్ లెక్కలోనూ కాదు. 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపిన సంఘటన అన్ని లెక్కల్లోకీ వస్తుంది. అక్కడ చనిపోయినవారిలోనూ ఒక తెలుగు ఇంజినీర్ ఉంది. ఇక రాత్రి షిఫ్టులో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర దొంగ తూటాకి పోయిన మన పిల్లలు ఒక్కొక్కరుగా పోయినవాళ్ళు. వాళ్ళు ఏ మాస్ షూటింగ్ పట్టికలోనూ ఉండరు.

చావులు ఎక్కడ, ఏ తుపాకీతో

అదే 2021లో తుపాకులతో అమెరికాలో చనిపోయినవాళ్ళు 48,830 మంది. ఇందులో ఆత్మహత్యలు 26,328. హత్యలు 20,958. మిగతావి ప్రమాదాలు, పోలీసు కాల్పులు వగైరా. ఎఫ్‌బీఐ చెప్పిన ఆ 61 యాక్టివ్ షూటర్ సంఘటనల్లో చనిపోయినవాళ్ళు 103 మంది. హత్యల్లో ప్రతి వెయ్యికీ ఐదు.

ఈ అంకెలు చూసి మాస్ షూటింగుల్ని తేలిగ్గా తీసుకోమని నేననను. బడిలో పిల్లల్ని వరసగా కాల్చడం సమాజానికి చేసే గాయం శాతాల్లో దొరకదు. కానీ చర్చ ఎక్కడ జరుగుతోంది, చావులు ఎక్కడ జరుగుతున్నాయి అనేది మాత్రం చూడాలి. టీవీలో చూపించేది ఏఆర్-15 రైఫిల్. 2019లో ఎఫ్‌బీఐ లెక్కకొచ్చిన తుపాకీ హత్యలు పది వేల పైచిలుకు. వాటిలో అన్ని రకాల రైఫిళ్ళూ కలిపి 364. హ్యాండ్‌గన్లు 6,368. మూడు వేల పైన హత్యల్లో ఏ రకం తుపాకీయో నమోదు కాలేదు గానీ, బొమ్మ మాత్రం తలకిందులు కాదు. రోజువారీ హత్యల్లో తుపాకీ జేబులో పట్టేది.

ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అని చాలామంది అనుకుంటారు. కాదు, మొదట తయారుచేసిన ఆర్మలైట్ కంపెనీ పేరులోంచి వచ్చింది. అది సెమీ ఆటోమేటిక్, అంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా. నొక్కి పట్టుకుంటే వరసగా పేలే మెషిన్ గన్ వేరు. 1986 మే తర్వాత తయారైన మెషిన్ గన్లు మామూలు జనం కొనడానికి వీల్లేదు. ఈ గీత కూడా చెప్పినంత తేలిక కాదు. 2017లో లాస్ వేగాస్‌లో హోటల్ కిటికీలోంచి సంగీత కచేరీ మీద పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కురిపించినవాడు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళకి బంప్ స్టాక్ అనే పరికరం తగిలించాడు. అది వెనక్కి తన్నే ఊపుని వాడుకుని వేలికి ట్రిగ్గర్ మళ్ళీ మళ్ళీ తగిలేలా చేస్తుంది. ట్రంప్ మొదటి ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే, 2024లో సుప్రీంకోర్టు 6-3తో చట్టం ప్రకారం అది మెషిన్ గన్ కాదని నిషేధం ఎత్తేసింది.

ఆత్మహత్యల మాట ఈ వాదనలో ఎవరూ ఎత్తరు, అయినా చావుల్లో సగానికి పైగా అవే. తుపాకీతో ప్రయత్నించినవాళ్ళలో బతికేవాళ్ళు బహు తక్కువ కాబట్టి, ఒక్క చెడ్డ గంట గడిచిపోయే అవకాశం పోతుంది. కాలిఫోర్నియాలో లక్షలమంది రికార్డులతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్ళు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం లేనివాళ్ళ కంటే దాదాపు 8 రెట్లు, ఆడవాళ్ళలో 35 రెట్లు ఎక్కువ కనిపించింది. చావాలనుకున్నవాళ్ళే కొనుక్కుని ఉంటారు కదా అన్నది న్యాయమైన అభ్యంతరమే. కొన్న మొదటి నెలలో ఆ ప్రమాదం నిజంగానే బాగా ఎక్కువ. కానీ ఆ చావుల్లో సగానికి పైగా, కొన్న ఏడాది దాటాక జరిగినవి.

మంచివాడి చేతిలో తుపాకీ

2022 జూలై 17, ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్. ఒకడు రైఫిల్‌తో ఫుడ్ కోర్టులో కాల్పులు మొదలుపెట్టాడు. గర్ల్‌ఫ్రెండ్‌తో షాపింగ్‌కి వచ్చిన 22 ఏళ్ళ కుర్రాడు నడుం దగ్గరి పిస్టల్ తీసి, 40 గజాల దూరం నుంచి పది తూటాలు కాల్చాడు. ఎనిమిది తగిలాయి. అంతా 15 సెకన్లలో ముగిసింది. అప్పటికే ముగ్గురు చనిపోయారు. ఇండియానాలో పర్మిట్ అక్కర్లేదనే చట్టం అమల్లోకొచ్చి సరిగ్గా పదహారు రోజులు. ఆ మాల్ నిబంధనల ప్రకారం మాత్రం లోపలికి తుపాకీ తేకూడదు. బోర్డు చూసి ఆగిపోయేది మంచివాడే, హంతకుడు కాదు అనే వాదనకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఏడాది పైచిలుకు ముందు, 2021 జూన్‌లో, కొలరాడోలోని ఆర్వాడా. ఒకడు పోలీసు అధికారిని కాల్చి చంపాడు. దగ్గర్లోని షాపులో ఉన్న ఒక పౌరుడు పరుగెత్తుకొచ్చి తన పిస్టల్‌తో వాణ్ణి పడగొట్టాడు. తర్వాత వాడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే అక్కడికి చేరిన ఇంకో పోలీసుకి కనబడింది చేతిలో ఏఆర్-15 ఉన్న మనిషి. కాల్చేశాడు. కాపాడినవాడు చనిపోయాడు.

2011లో టూసాన్‌లో కాంగ్రెస్ సభ్యురాలు గ్యాబీ గిఫర్డ్స్ సభ మీద కాల్పులప్పుడు పక్క షాపులోంచి తుపాకీతో పరుగెత్తుకొచ్చిన ఒకాయన, పిస్టల్ పట్టుకున్న మనిషిని చూసి కాల్చబోయి ఆగాడు. ఆ మనిషి హంతకుడి చేతిలోంచి దాన్ని లాక్కున్నవాడు. హంతకుడు దొరికింది వాడు కొత్త మ్యాగజైన్, అంటే తూటాలు నింపిన డబ్బా, ఎక్కించుకునే ఆ రెండు క్షణాల్లో, ఉత్త చేతులున్న జనానికి. మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య మీద పరిమితి కోరేవాళ్ళు ఈ సంఘటనే చూపిస్తారు. 2019లో డేటన్‌లో పోలీసులు ముప్ఫై సెకన్లలో హంతకుణ్ణి చంపేశారు. వంద తూటాల మ్యాగజైన్ ఉంది కాబట్టి ఆ ముప్ఫై సెకన్లలోనే తొమ్మిది మంది పోయారు.

ఉదాహరణలు వదిలి లెక్కకొస్తే, ఎఫ్‌బీఐ 2000 నుంచి 2013 దాకా 160 సంఘటనలు పరిశీలించింది. ఉత్త చేతులతో జనం అడ్డుకున్నవి 21. పోలీసులు కాని సాయుధులు ఎదురుకాల్పులతో ఆపినవి ఐదు. ఆ ఐదింట్లో నాలుగు సెక్యూరిటీ గార్డులవి, ఒకటే పర్మిట్ ఉన్న మామూలు పౌరుడిది. తుపాకీ హక్కు వైపున్న ఆర్థికవేత్త జాన్ లాట్ ఈ లెక్కని ఒప్పుకోరు. పౌరులు మొదట్లోనే ఆపేసిన సంఘటనలు చాలా ఈ జాబితాలోకే రాలేదంటారు. ఆ అభ్యంతరంలో కొంత పస ఉంది. జరగకుండా ఆగిపోయినది పెద్ద వార్త కాదు, వార్త కానిది జాబితాకి ఎక్కడం కష్టం.

తుపాకీ హక్కు వైపువాళ్ళ చేతిలో ఇంకో బలమైన మాట యువాల్డీ, ఒకడు బడిలో దూరి కాల్పులు జరిపిన టెక్సస్ ఊరు. 2022 మేలో ఆ బడి ఆవరణకి 376 మంది పోలీసులు చేరారు. తరగతి గదిలోకి వెళ్ళడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పోలీసులొచ్చి కాపాడతారులే అనే మాట ఆ రోజు తర్వాత టెక్సస్‌లో చెప్పడం కష్టం.

25 లక్షల లెక్క ఎలా వచ్చింది

1995లో గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఫోన్ సర్వే ఫలితాలు ప్రచురించారు. దాదాపు 5,000 మందిని అడిగితే, గడిచిన ఏడాదిలో ఆత్మరక్షణకి తుపాకీ వాడామన్నవాళ్ళు సుమారు 1.3 శాతం. అప్పటి పెద్దల జనాభా 19 కోట్లు అనుకుంటే సర్వేలో ఒక్కొక్కరు 38 వేల మందికి ప్రతినిధి. 65 మంది అవునంటే 38 వేలతో గుణించగా దాదాపు 25 లక్షలు.

ఇక్కడే చిక్కు. 5,000 మందిలో వందకొకరు పొరపాటున అవునన్నారనుకోండి. రెండేళ్ళ కిందటిది పోయినేడు అనుకున్నారు, లేదా కాస్త గొప్పకి చెప్పారు. అలాంటివాళ్ళు 50 మంది. దేశం మొత్తానికి 19 లక్షలు. అరుదైన సంగతిని సర్వేలో అడిగితే చిన్న పొరపాటు కూడా కొండంత అవుతుంది. ప్రభుత్వం చేసే నేర బాధితుల సర్వేలో ఇదే సంఖ్య చాలా ఏళ్ళలో లక్ష లోపే ఉంటుంది. దానికీ లోపముంది. తనమీద నేరం జరిగిందని ముందు చెప్పినవాళ్ళనే తర్వాతి ప్రశ్న అడుగుతారు. పర్మిట్ లేకుండా తుపాకీ మోస్తున్నవాడు ప్రభుత్వ సర్వే మనిషికి ఆ ముచ్చట చెప్పడు. అసలు సంఖ్య ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. నాకైతే కింది గట్టుకే దగ్గరనిపిస్తుంది.

క్యారీ చట్టాల వల్ల నేరాలు తగ్గాయా పెరిగాయా అన్నదీ ఇంతే. తొంభైల్లో లాట్ జిల్లాలవారీ అంకెలతో తగ్గాయన్నారు. 2004లో జాతీయ పరిశోధన మండలి కమిటీ చూసి ఆధారాలు ఎటూ చాలవంది, ఒక్క సభ్యుడు విభేదించారు. తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లోని జాన్ డోనహ్యూ బృందం పదేళ్ళు గడిచేసరికి హింసాత్మక నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువని తేల్చింది. అధ్యయనాలన్నీ వడపోసే రాండ్ సంస్థ కూడా ఇప్పుడు ఆ వైపే మొగ్గుతోంది. గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది, అయితే ఒక్కో రాష్ట్రంలో పోలీసింగ్, డ్రగ్స్, ఆర్థిక స్థితి కలగలిసి మారుతుంటే చట్టం వంతు ఎంతో విడదీయడం కష్టమే.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

లైసెన్స్ ఉన్న షాపులో కొంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి. 1993 బ్రేడీ చట్టంతో వచ్చింది, 1998 నుంచి కంప్యూటర్ మీద నడుస్తోంది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే షాపువాడు అమ్మేయొచ్చు. 2015లో చార్లస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ దొరికింది ఈ సందులోంచే. పక్కింటాయన దగ్గర కొంటే కేంద్ర చట్టం ప్రకారం ఆ చెక్కూ అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, టెక్సస్ అడగదు. యువాల్డీ తర్వాత 2022లో రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టం 21 ఏళ్ళ లోపువాళ్ళ తనిఖీని కాస్త లోతు చేసింది. 39 కోట్లకు పైగా తుపాకులు జనం చేతుల్లో ఉన్నాయని 2018 నాటి అంచనా. జనాభా కంటే ఎక్కువ. అందుకే 1996లో ఆస్ట్రేలియా చేసినట్టు తిరిగి కొనేయొచ్చుగా అనే ప్రశ్న అక్కడ ఎంతో దూరం పోదు.

మనవాళ్ళకి తెలియక చిక్కుల్లో పడే విషయం ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం కింద నేరం. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని పేల్చడం కూడా ఉంచుకోవడమే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ఫోటోలు పెట్టే కుర్రాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో నాకు అనుమానమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ నిషేధం ఉండదు. టెక్సస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్ళు పిస్టల్ దాచుకుని క్యాంపస్‌కి రావచ్చు. ఆస్టిన్ యూనివర్సిటీ టవర్ మీంచి ఒకడు జనాన్ని కాల్చి సరిగ్గా యాభై ఏళ్ళయిన రోజది. మన విద్యార్థి పక్క బెంచీ మీద తుపాకీ ఉండొచ్చు, తన దగ్గర ఉండకూడదు.

మళ్ళీ ఆ తలుపు

బ్రూవెన్ తీర్పుతో పర్మిట్ ఇవ్వననే వీలు పోయాక, నియంత్రణ కోరే రాష్ట్రాలు వాదనని ఎవరికి అన్న దగ్గర్నుంచి ఎక్కడ అన్న చోటికి మార్చాయి. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ చుట్టూ తుపాకులు నిషిద్ధం అని బోర్డులు కట్టింది. హవాయి 2023లో టెక్సస్ తలుపుని తిరగేసింది. షాపు, రెస్టారెంట్ లాంటి ప్రైవేటు స్థలాల్లోకి యజమాని రమ్మని చెబితేనే తుపాకీతో రావచ్చు, ఏమీ చెప్పకపోతే రాకూడదు అంది. ప్రతి గుమ్మం దగ్గరా అనుమతి అడగమంటే ఇక హక్కు ఎక్కడుంది అని క్యారీ వైపువాళ్ళు. నా స్థలంలో ఎవరేం తేవాలో నా ఇష్టం, మౌనాన్ని అంగీకారంగా ఎందుకు తీసుకోవాలి అని రాష్ట్రం. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ కేసుని విచారణకి తీసుకుంది.

మా మేనకోడలు తీసుకెళ్ళిన ఆ రెస్టారెంటే హవాయిలో ఉంటే, ఆ చట్టం కింద దాని యజమాని ఏ బోర్డూ పెట్టుకోనక్కర్లేదు. తలుపు ఖాళీగా ఉంటే చాలు.